మాడభూషి అనంతశయనం అయ్యంగారు

“బ్రతుకలేక బడిపంతులు” అను సామెత మన తెలుగునాట పసివారి నోటను గూడ వినబడును. గురువును దేవునితో సమానముగా శ్లోకములలో కొనియాడు జనులే, ఆ గురువు నెలజీతమునకు బడిలో కుదిరినంతనే వానిని జూచి జాలిపడుదురు. దీనికి తోడు మరియొక భ్రాంతియు మనలో వేరూనియున్నది. విద్య నేర్పుట వేరు, రాజ్యకార్యము నడపుట వేరు. మొదటిది సాధువుల పని, రెండవది గడుసువారి పని. ఒకచోట రాణించినవాడు రెండవచోట పనికిరాడని పలువురు తలంతురు. ఈ తలంపులు పొరపాటులని తెలిసికొనుటకు పెక్కు గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. తిరుపతికి సుమారు మూడుమైళ్ల దూరమున నున్న తిరుచానూరులో జన్మించిన యొక పురుషుని జీవితమును పరిశీలించిన చాలును.

ఆ చరిత్రను జెప్పుటకు ముందు పరదేశమునందలి యుదాహరణము నొకదానిని పాఠకుల యెదుట నుంచుదుము. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో హోరేస్ మాన్ అను మహాశయుడుండెను. ఆయన 1796లో మాసచూసెట్స్ రాష్ట్రమున నొక సామాన్య కర్షక కుటుంబమున జన్మించి, న్యాయవాదియై, ఆ రాష్ట్రపు సెనేటునకు అధ్యక్షుడయ్యెను. 1837లో ఆ రాష్ట్రము క్రొత్తగా విద్యామండలి నేర్పరచి దానికి కార్యదర్శిని కోరగా, ఆదాయము గల వృత్తిని, పేరుప్రతిష్ఠలు గల పదవిని విడిచి, ఆ చిన్న కొలువు నంగీకరించెను. ఊరూరు తిరిగి, ప్రజల పన్నులతో నడచునట్టియు, ధనికుల బిడ్డలును పేదల బిడ్డలును కలిసి చదువుకొనునట్టియు పాఠశాలలకై పాటుపడెను. ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చు ప్రభుత్వ పాఠశాల ఆ రాష్ట్రమున 1839లో వెలసినది ఆయన కాలముననే. పిదప 1848లో దేశ ప్రతినిధిసభకు బోయి బానిసత్వము వ్యాపింపరాదని వాదించెను. 1853 మొదలు ఒహాయో రాష్ట్రమందలి యాంటియాక్ కళాశాలకు అధ్యక్షుడుగా నుండి, 1859లో గతించెను. ప్రజలే ప్రభువులైన దేశమున ప్రజలకు చదువు లేకున్న ఆ ప్రభుత్వము నిలువదని ఆయన నమ్మకము. కావుననే సభనుండి బడికిని, బడినుండి సభకును ఆయన తిరిగిన త్రోవ యొక్కటియే.

మన అనంతశయనం అయ్యంగారి త్రోవయు నట్టిదే. మాన్ న్యాయవాదిగా నారంభించి కళాశాలలో కన్నుమూసెను. అయ్యంగారు బడిలో నారంభించి, న్యాయస్థానము మీదుగా శాసనసభకు బోయి, తుదకు విద్యాపీఠము చెంతకే తిరిగి వచ్చిరి. ఈ సామ్యము నెత్తిచూపుట అయ్యంగారిని పరదేశీయుని కొలతతో కొలుచుటకు గాదు. లోకమున ఏ మూల ప్రజాప్రభుత్వము వెలసినను దానికి ఉపాధ్యాయుని మనస్సు గల సేవకు లవసరమని చూపుటకే.

తిరుచానూరు పేరు వినగానే అలమేలుమంగ యాలయమును, దాని చెంతనున్న పద్మసరోవరమును తెలుగువారికి స్ఫురించును. కార్తికమాసపు బ్రహ్మోత్సవములు ముగియు పంచమీతీర్థమునాడు ఆ కోనేట మునుగుటకై వేలకు వేలుగా జనులు వత్తురు. ఆ యూర 1891 ఫిబ్రవరి 4వ తేదీన మాడభూషివారి యింట అనంతశయనం అయ్యంగారు జన్మించిరి. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు. ఆ సీమ యంతయు ఉత్తరార్కాటు జిల్లాలో చేరియుండెను. చిత్తూరు జిల్లా 1911లో నేర్పడెను. 2022 నుండి తిరుచానూరు తిరుపతి జిల్లాలో నున్నది. వారు శ్రీవైష్ణవ కుటుంబములోనివారు. వారి బాల్యమున తిరుమల తిరుపతి యాలయముల పెత్తనము హాథీరాంజీ మఠపు మహంతుల చేతులలో నుండెను. తిరుపతిలో దేవస్థానమువారి హిందూ ఉన్నత పాఠశాలయందు చదివి, పిదప చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలోను లా కళాశాలలోను విద్య పూర్తిచేసిరి.

ఈ సీమను గూర్చి యొక విశేషమును జెప్పక పోజాలము. 1880లో చిత్తూరు చెంత కట్టమంచిలో రామలింగారెడ్డిగారు పుట్టిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైరి. 1888లో తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణగారు పుట్టిరి. వారు బాల్యమున తిరుపతిలో చదివి, తత్త్వశాస్త్రోపాధ్యాయులై, రామలింగారెడ్డిగారి పిమ్మట 1931లో ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులై, 1962లో భారత రాష్ట్రపతి యైరి. 1891లో అయ్యంగారు పుట్టిరి. పదునొకండేండ్ల వ్యవధిలో, కొలది ఆమడల నేలలో, ముగ్గురు ఉపాధ్యాయులు దేశసేవకు వచ్చిరి. నీటికి కరవైన సీమ యని పేరుబడ్డ రాయలసీమ చదువునకు కరవు సీమ కాదని యిది చాటుచున్నది.

అయ్యంగారు 1912లో గణితోపాధ్యాయులుగా జీవయాత్ర నారంభించిరి. ఆ వృత్తిలో వారున్నది స్వల్పకాలమే. 1915 నాటికి న్యాయవాదులైరి. ఇంత స్వల్పకాలపు కొలువును పట్టుకొని వారిని ఉపాధ్యాయు డనుట తగునా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. వృత్తిని కాలముతోగాక స్వభావముతో కొలువవలెనని మా యభిప్రాయము. గణితమునం దొక ధర్మము కలదు. జమీందారు కుమారుడు పలకపై వ్రాసినను, పాలేరు కుమారుడు వ్రాసినను, మూడును నాలుగును గూడిన నేడే యగును. తప్పు చేసినవాడు బంధువైనను దిద్దవలెను. ఒప్పు చేసినవాడు పగవాడైనను ఒప్పని చెప్పవలెను. ఈ ధర్మమును బల్లముందు నిలిచి పిల్లలకు నేర్పినవారే పిమ్మట ఉన్నతపీఠమున గూర్చుండి దేశపు పెద్దలకు నేర్పవలసివచ్చెను. వారి జీవితము నాద్యంతము చదివినప్పుడు మాకు దోచిన సూత్రమిదియే.

న్యాయవాదవృత్తిలో వారు త్వరలోనే పేరు సంపాదించిరి. పూర్వపు తీర్పులన్నియు వారికి కంఠస్థములని, తీర్పుల సంగ్రహమే కాళ్లతో నడచి వచ్చుచున్నదని తోడివారు చెప్పుకొనెడివారు. అయినను వారి దృష్టి కేవలము కక్షిదారుల ఫీజుమీదనే నిలువలేదు. ఆ కాలమున మన దేశపు వ్యాజ్యములకు తుదితీర్పు చెప్పునది లండనునందలి ప్రీవీ కౌన్సిలు. సముద్రముల కావల, మన యాచారములెరుగని న్యాయాధిపతుల ముందు మన పొలముగట్ల తగవులు తేలవలసియుండెను. స్వదేశమునందే యొక సర్వోన్నత న్యాయస్థానము వెలయవలెనని అయ్యంగారు వ్యాసములు వ్రాసిరి. ఆ కోరిక వారి కన్నులయెదుటనే ఫలించినది: ప్రీవీ కౌన్సిలు అధికారము 1949లో అంతరించి, 1950 జనవరిలో భారత సుప్రీంకోర్టు ప్రారంభమయ్యెను.

1921లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపు నీయగా, బాగుగా సాగుచున్న వృత్తిని అయ్యంగారు ఒక యేడాదిపాటు విడిచిపెట్టిరి. 1934లో కేంద్ర శాసనసభకు కాంగ్రెసు పక్షమున నెన్నికైరి. అచ్చట వారు పరప్రభుత్వపు లెక్కలను, శాసనములను తూర్పారబట్టిన తీరునకు వారిని “సభలోని ఎండెన్” అని ఆంగ్లేయుల పత్రిక యొకటి పేర్కొనెను. ఎండెన్ అనునది జర్మనుల యుద్ధనౌక. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి అది చెన్నపట్టణపు రేవునకు వచ్చి, చమురు తొట్లపై గుండ్లు కురిపించి పోయెను. ఆ పేరు తెచ్చుకొన్నవారి చేతిలో ఫిరంగులు లేవు. అంకెలు, తీర్పులు, నిబంధనలు మాత్రమే యున్నవి. 1940లో వ్యక్తి సత్యాగ్రహమునందును, 1942లో క్విట్ ఇండియా ఉద్యమమునందును వారు కారాగారవాస మనుభవించిరి. అస్పృశ్యతా నివారణోద్యమమునందును పాల్గొనిరి.

ఇక వారి జీవితమున మేము ముఖ్యమని యెంచు ఘట్టమునకు వత్తుము. 1947లో దేశము స్వతంత్రమయ్యెను, చీలిపోయెను. మతకలహములలో లెక్కకు మిక్కిలిగా జనులు చచ్చిరి. 1948 జనవరి 30వ తేదీన గాంధీమహాత్ముడు హతుడయ్యెను. ఆ నెత్తురు ఆరకముందే, 1948 ఏప్రిల్ 3వ తేదీన, శాసనసభగా సమావేశమైన రాజ్యాంగ సభలో అయ్యంగారొక తీర్మానమును ప్రవేశపెట్టిరి. దాని సారాంశమిది: మతమునుబట్టి గాని, జాతినిబట్టి గాని, కులమునుబట్టి గాని కొందరిని చేర్చుకొని కొందరిని వెలివేయు సంఘములు తమ వారి మత, సంస్కృతి, సాంఘిక, విద్యావిషయములలో పనిచేయవచ్చును, అంతకు మించి రాజకీయములలో చేయిపెట్టరాదు, దీనికై శాసనరూపమునను పరిపాలనరూపమునను తగు చర్యలు గైకొనవలెను. ప్రధానమంత్రి నెహ్రూగారు దానిని బలపరచిరి. సభ ఆమోదించెను.

ఈ తీర్మానమును దెచ్చినవారెవరో చదువరులొక్కమారు తలపోయవలెను. ఆలయఘంటలతో ప్రొద్దు మేల్కొనునట్టి యూర, శ్రీవైష్ణవ కుటుంబమున పుట్టి, సంస్కృతమును గౌరవించిన పండితహృదయులు వారు. మతమునందు విశ్వాసములేనివారు మతమును రాజకీయములనుండి వేరుచేయుడనిన, అది వారికి సులభము. వారు విడువవలసిన దేమియు లేదు. మతమును ప్రాణముగా బట్టుకొన్నవారు ఆ మాట పలుకుటలో గొప్పతనము కలదు. దేవుని పేరు ఎన్నికల సంతలో సరకైనచో మొదట పలుచనగు నది దేవుని పేరే. భక్తుడే యీ నష్టమును ముందుగా గుర్తింపగలడు. కావున ఆ తీర్మానము భక్తికి విరోధమని తలచుట పొరపాటు. అది భక్తికి గట్టిన రక్షణకుడ్యము.

ఆ తీర్మానము పూర్తిగా ఫలించెనా యనిన, లేదనియే చెప్పవలెను. కులసంఘములను రాజకీయములనుండి సమూలముగా తొలగించు శాసనమేదియు దాని వెనుక రాలేదు. అయినను బీజము వ్యర్థము కాలేదు. కుల మతముల పేర వోటు యాచించుటను 1951లో పుట్టిన ప్రజాప్రాతినిధ్య శాసనము దోషముగా బేర్కొనెను. 2017 జనవరి 2వ తేదీన సుప్రీంకోర్టున ఏడుగురు న్యాయాధిపతులు గూర్చుండి ఆ నిబంధన పరిధిని విచారించి, అభ్యర్థి కుల మతములనే గాక వోటరు కుల మతములను జూపి యాచించుటయు దోషమేయని తీర్పు చెప్పిరి. నలుగురొక పక్షము, ముగ్గురొక పక్షము. డెబ్బదియేండ్లకు దగ్గరైనను న్యాయకోవిదులలో భేదాభిప్రాయము నిలిచిన ప్రశ్నను, స్వాతంత్ర్యము వచ్చిన తొలియేటనే అయ్యంగారు సభ యెదుట నుంచిరి.

1948లో వారు ఆ సభకు ఉపసభాపతి యైరి. 1950లో అంచనాల సంఘ మేర్పడగా దానికి ప్రథమాధ్యక్షులైరి. ప్రభుత్వపు శాఖలు ఖర్చుచేయ దలచిన ధనమును పరిశీలించి, ఎచ్చట పొదుపు సాధ్యమో, ఎచ్చట పద్ధతి మార్చవలెనో చెప్పుట ఆ సంఘపు పని. గణితోపాధ్యాయునికి ఇంతకు మించి తగిన కొలువు మరి యేది? పిల్లల లెక్కలు దిద్దిన చేతికి మంత్రుల లెక్కలు చిక్కినవి. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో వారు తిరుపతినుండి లోకసభకు ఎన్నికై, తిరిగి ఉపసభాపతి యైరి. ప్రథమ సభాపతి మావలంకరుగారు 1956 ఫిబ్రవరి 27వ తేదీన దివంగతులు కాగా, మార్చి 8వ తేదీన అయ్యంగారిని సభ తన సభాపతిగా నెన్నుకొనెను. 1957లో చిత్తూరునుండి గెలిచి, 1962 ఏప్రిల్ వరకు వారాపీఠమున నుండిరి.

సభాపతి పీఠమున గూర్చున్నవానికి పరీక్ష, తన పక్షపు ప్రభుత్వము చిక్కున బడినప్పుడు వచ్చును. అట్టి పరీక్ష 1957లో వచ్చెను. అంతకు ముందటి యేడు జాతీయమైన జీవిత బీమా వ్యాపారపు ధనములోనుండి, ముంద్రా యను వ్యాపారి సంస్థల వాటాలు కొనుటకై 1957 జూనులో సుమారు ఒక కోటి ఇరువదినాలుగు లక్షల రూపాయలు వెచ్చింపబడెను. ఆ ధనము లక్షలాది సామాన్యులు నెలనెల కూడబెట్టి కట్టినది. డిసెంబరు 16వ తేదీన ఫిరోజ్ గాంధీగారు లోకసభలో ఈ వ్యవహారమును బయటబెట్టిరి. ఆయన ప్రభుత్వ పక్షమువారే, ప్రధానమంత్రికి అల్లుడు. పీఠమున నున్న అయ్యంగారును ఆ పక్షమువారే. అయినను చర్చ సాగినది. పిమ్మట న్యాయమూర్తి ఛాగ్లాగారు బహిరంగ విచారణము జరిపిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి కృష్ణమాచారిగారు పదవిని విడిచిరి. చర్చలో తుద కెవరు గెలుతురను చింత సభాపతికి గూడదు. ప్రజల ధనమును గూర్చిన ప్రశ్న సభలో అడుగబడుటకు వీలుండెనా లేదా యనునదియే ఆయన పనికి కొలత. ఆ కొలతకు అయ్యంగారి కాలము నిలిచినది.

మన సంస్కర్తల వంశమునకు వారి పేరు ముడివడిన ఘట్టము మరియొకటి కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి నాడు ఆడుబిడ్డను అమ్ముకొను కన్యాశుల్కము మన సంఘమును పీడించెను. అది తగ్గుకొలది వరుని కొనుగోలు చేయు వరకట్నము పెరిగెను. కాళ్లకూరి నారాయణరావుగారి “వరవిక్రయము” ఆ దురాచారముపై నెత్తిన నాటకమే. ఆంధ్రప్రదేశము 1958లో తన కొరకు వరకట్న నిషేధశాసనమును జేసికొనెను. దేశమంతటికి నొక శాసనము చేయుటకై బిల్లు వచ్చినప్పుడు, కట్న మనగా నేమి, పెండ్లిలో నిచ్చు కానుక యెంతవరకు కట్నము గాదు అను విషయములలో లోకసభకును రాజ్యసభకును పొత్తు కుదరలేదు. రెండు సభలు పట్టుబట్టినప్పుడు ఉభయసభలును కలిసి కూర్చుండి తేల్చుకొనవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. అట్టి సంయుక్త సమావేశము స్వతంత్రభారతమున మొట్టమొదట జరిగినది 1961 మే 6, 9 తేదీలలో, ఈ వరకట్నపు బిల్లు కొరకే. దానికి సభాపతిగా అధ్యక్షత వహించినవారు తిరుచానూరి అనంతశయనం అయ్యంగారు. అటుపిమ్మట 1978లోను 2002లోను మాత్రమే అట్టి సమావేశములు జరిగినవి.

ఆ శాసనము 1961 జులై 1వ తేదీన నమలులోనికి వచ్చెను. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములయ్యెను. ఆరు నెలల వరకు ఖైదు గాని, ఐదువేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని శిక్షగా విధింపవచ్చునని నిర్ణయింపబడెను. ఆ శిక్ష చాలదని తరువాతి కాలమున 1984లోను 1986లోను దానిని కఠినము చేసిరి. ఇంత జరిగియు మన యిండ్లలో కట్నము మాటుమణిగినదే గాని చావలేదు. శాసనమును దూషించుట సులభము. పెండ్లిచూపులకు బోయినప్పుడు నోరు మూసికొని, పిదప పత్రికలలో శాసనము పనికిరాదని వ్రాయు చదువుకొన్నవారి దోషము శాసనముపై మోపరాదు. పార్లమెంటు ఉభయసభలను ఒక్కచోట గూర్చుండబెట్టగల్గిన సమస్య మన యింటి వసారాలో ఇద్దరు వియ్యంకులు తేల్చుకొనలేనిదా?

మేము కేవలము స్తోత్రపాఠము వ్రాయుటకు గూర్చుండలేదు గనుక ఒక సందేహమును గూడ బయటబెట్టుదుము. సభాపతి యైన పిమ్మట మనుష్యుడు తన రాజకీయ పక్షమును విడువవలదా? ఆంగ్లదేశమున సభాపతి పక్షమును విడుచుట ఆచారము. మావలంకరుగారును, అయ్యంగారును కాంగ్రెసువారుగానే నిలిచిరి. అయ్యంగారు సభాపతిగా నుండియే కాంగ్రెసు పక్షమున ఎన్నికలకు నిలువవలసివచ్చెను. పీఠమునందు నిష్పక్షపాతముగా నుండినను, నియోజకవర్గమున నొక పక్షపు పతాకము క్రింద వోటడుగుట యెంతవరకు సమంజసమను ప్రశ్న నిలిచియే యున్నది. 1967లో నీలం సంజీవరెడ్డిగారు లోకసభ సభాపతి యైనప్పుడు కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా యిచ్చి క్రొత్తదారి చూపిరి. ఆయన అనంతపురం జిల్లావారు. ఒక రాయలసీమవాడు విడిచిన లోటును వేరొక రాయలసీమవాడు పూరించెనని మేము సంతసింతుము. అయితే ఆ మేలి యాచారమైనను పిమ్మట స్థిరపడకపోవుట శోచనీయము.

1962 మే నెలలో అయ్యంగారు బీహారునకు గవర్నరు లైరి. వారికి ముందు ఆ పదవిలో నుండినవారు జామియా మిల్లియా విద్యాలయమును పెంచి పోషించిన జాకీర్ హుస్సేనుగారు. ఒక యుపాధ్యాయుని పీఠమున వేరొక యుపాధ్యాయుడు గూర్చుండెను. గవర్నరు ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయములకు కులపతి గూడ గనుక, విద్యాసేవ మరల వారిని వరించినది. 1966, 67 సంవత్సరములలో బీహారును ఘోరమైన అనావృష్టియు కరవును బాధించినవి. 1967 ఎన్నికలలో అచ్చట కాంగ్రెసు ఓడిపోయెను. మార్చి నెలలో మహామాయాప్రసాదు సిన్హాగారి నాయకత్వమున ఆ రాష్ట్రపు మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వమునకు ప్రమాణము చేయించినవారు, జీవితమంతయు కాంగ్రెసులో గడపిన అయ్యంగారే. రాజ్యాంగము వ్రాసిన సభలో గూర్చున్నవారికి ఆ రాజ్యాంగము తమ పక్షపు ఓటమిని శిరసావహింపుమని చెప్పిన దినము వచ్చెను. లెక్కలో వచ్చిన సమాధానము మనకు నచ్చకున్నను పలకపై తుడిచివేయరాదు గదా! ఆ యేడు డిసెంబరు వరకు వారా పదవిలో నుండిరి.

పదవులన్నియు తీరిన పిమ్మట వారు తమ సీమకు తిరిగి వచ్చిరి. తిరుపతిలో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠ మొకటి అప్పటికే వెలసియుండెను. సునీతికుమార్ ఛటర్జీగారి అధ్యక్షతన పనిచేసిన సంస్కృత కమిషను సూచన దానికి మూలము. 1962 జనవరి 4వ తేదీన దానికి శంకుస్థాపన చేసినవారు రాధాకృష్ణగారు. దానిని నడుపు సంఘమునకు మొదట మాజీ ప్రధాన న్యాయమూర్తి పతంజలిశాస్త్రిగారు అధ్యక్షులు, పిమ్మట అయ్యంగారు. తిరుపతి బడులలో చదివిన యిద్దరు బాలకులలో నొకరు శంకుస్థాపన చేయగా, మరియొకరు అధ్యక్షులై పోషించిన విద్యాలయమది. 1987లో అది విశ్వవిద్యాలయ హోదా పొంది, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయ మయ్యెను. అయ్యంగారు 1978 మార్చి 19వ తేదీన దివంగతులైరి. వారి విగ్రహము తిరుపతిలో నిలిచియున్నది.

విగ్రహమునకు దండ వేయుట గౌరవమే. కాని అంతటితో ఋణము తీరదు. తిరుచానూరి కోనేట పంచమీతీర్థమునాడు మునుగువారిని మేము తలచుకొందుము. ఆ నీటిలో నెవరి కులమును ఎవరికిని కనబడదు. గట్టెక్కి తడిబట్టలు మార్చుకొనునంతలో కులము జ్ఞప్తికి వచ్చును. ఎన్నికలు సమీపించినచో మరింత త్వరగా వచ్చును. కుమారునికి సంబంధము వెదకునప్పుడు కులముతోబాటు కట్నమును జ్ఞప్తికి వచ్చును. ఈ రెండు వ్యాధులకును మందు వెదకుటలో పాలుపంచుకొన్నవారు ఆ కోనేటి గట్టున బుట్టిన మనుష్యుడే. ఒకదానికై 1948లో తీర్మానము దెచ్చిరి. రెండవదానికై 1961లో ఉభయసభలకు అధ్యక్షత వహించిరి. మందు వ్రాసియిచ్చుట వైద్యుని వంతు. మ్రింగుట రోగి వంతు.

తిరుచానూరులోను, దాని చుట్టుపట్ల పల్లెలలోను నేడు బడులలో లెక్కలు చెప్పుచున్న ఉపాధ్యాయులు పెక్కండ్రు కలరు. వారిని “బ్రతుకలేక” అను మాటతో పలుకరింపకుందుము. వారి యెదుట పలక పట్టుకొని కూర్చున్న బిడ్డలలో రేపటి సభాపతి యుండవచ్చును. లేకున్నను రేపటి వోటరు తప్పక యుండును. ఆ బిడ్డకు మూడును నాలుగును ఏడని నేర్పునాడే, ఆ యేడు ఎవని కులమునుబట్టియు మారదని గూడ నేర్పగల్గిన ఉపాధ్యాయుడు, ఏ శాసనసభయు చేయలేని పనిని నాలుగు గోడల నడుమ చేసినవాడగును.